మిషను ఆగిన చోట

మా మామయ్య మంత్రిగా ఉన్న రోజుల్లోనూ అత్తయ్య ముందుగదిలోని టైలరింగ్ షాపు మూయలేదు. "ఆయన కుర్చీ అయిదేళ్ళది, నా కుర్చీ నాది" అనేది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని సామెత. మామయ్యది తలకిందుల జాతకం. సభల్లో గర్జించి వచ్చిన మనిషి, ఇంట్లో కత్తెర ఎక్కడుందని అడగడానికి కూడా గొంతు సవరించుకునేవారు.

వాళ్ళిద్దరి మధ్య ఒక పద్ధతి ఉండేది. ఏ ప్రసంగమైనా ముందురోజు ఆయన షాపులో స్టూలు మీద కూర్చుని చదవాలి, ఆవిడ మిషను తొక్కుతూ వినాలి. బాగుందనీ బాగోలేదనీ నోటితో అనేది కాదు. మనసుకు తగిలిన చోట కాలు ఆగేది, అంతే. అక్కడ మామయ్య పెన్సిలుతో గీత పెట్టుకునేవారు. కాలు ఆగని పేజీలు చెత్తబుట్టలోకి పోయేవి. దేశం చప్పట్లు కొట్టిన మాటలన్నీ ముందు ఆ మిషనును ఆపినవే. కోడలిగా వచ్చి, పక్కన గుండీలు కుడుతూ ఈ తంతు చూడడం నాకు సినిమా కంటే బాగుండేది.

పదవి పోయి ఆరేళ్ళయింది. ఈలోగా ఆయన గుండె రెండుసార్లు మొరాయించింది. మూడోసారికి తన పూచీ లేదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. సరిగ్గా అప్పుడే పార్టీ మళ్ళీ పిలిచింది. మంత్రి పదవి, పాలనా సంస్కరణల శాఖ. ఒప్పుకునేదీ లేనిదీ మర్నాడు సభలో చెప్పాలి. అత్తయ్య కొత్త చొక్కా కత్తిరించి మిషనెక్కించింది.

"వద్దని ఒక్క మాట అనొచ్చుగా అత్తయ్యా" అన్నాను.

"ఆయన రాజకీయాల్లో వేలు పెట్టనని పెళ్ళినాడే మాటిచ్చానే."

నాకు ఒళ్ళు మండింది. మాట దక్కించుకుని మనిషిని పోగొట్టుకుంటుందేమోనని భయం కూడా వేసింది.

మధ్యాహ్నం మామయ్య కాగితాలతో వచ్చి కూర్చున్నారు. జాతి పిలుపన్నారు, బాధ్యతన్నారు, సంస్కరణల రెండో దశన్నారు. ఆఖరి పేజీ అయిపోయినా మిషను టకటకమంటూనే ఉంది.

"ఒక్కచోటా ఆగలేదేమిటోయ్?"

అత్తయ్య తలెత్తలేదు, కాలూ ఆపలేదు.

ఆయన కాగితాలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"పింఛను కోసం ముసలాళ్ళు నాలుగు కిటికీల చుట్టూ తిరుగుతున్నారని అన్నీ కలిపి ఒకటే కిటికీ చేశాను, గుర్తుందా? గొప్ప సంస్కరణన్నారంతా. మొన్న అన్నయ్యకి తోడెళ్ళి ఆ లైన్లో నుంచున్నా. కిటికీ ఒకటే, లైను మాత్రం మలుపు తిరిగి రోడ్డెక్కింది. ఆ చట్టం రాసినన్నాళ్ళూ ఒక్కసారి అక్కడికెళ్ళి చూడాలని నాకు తోచనే లేదు. ఇప్పుడు కుర్చీ ఇచ్చినా వెళ్ళి అదే గదిలో కూర్చుంటాను. ఆ లైన్లో నుంచున్నవాళ్ళ కష్టం తెలిసినవాడికి ఇమ్మని చెప్తే పోదూ? నేను అలిసిపోయానే."

మిషను ఆగింది.

ఆయన అలవాటుగా పెన్సిలు కోసం జేబు తడుముకున్నారు. గీత పెట్టడానికి ఆ మాటలు కాగితం మీద లేవు.

"రేపు ఇదే చెప్పేస్తాను" అన్నారు. "చొక్కా అయిందా?"

"కాదని చెప్పి రావడానికి పాతది చాలు" అంది అత్తయ్య.

ఆయన లోపలికి వెళ్ళారు. నా గుండెల మీది కుంపటి దిగింది. నవ్వుకుంటూ చొక్కా ముక్కలు చేతిలోకి తీసుకున్నాను. కాలరు పొడుగునా, జేబు చుట్టూ సూది గుచ్చిన చిల్లులు వరసగా ఉన్నాయి. కుట్టు ఒక్కటీ లేదు. సూదిలో దారమే లేదు.

"ఎప్పుడు తెగిందో చూసుకోలేదే" అంది అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంటూ. "నాకు కళ్ళు ఆనడం లేదు, కాస్త దారం ఎక్కించి పెట్టు."

ఎక్కించడానికి నాకు మాత్రం కళ్ళు కనిపిస్తేగా.