రాళ్ల మధ్య ఇంటివాళ్లు

నా చిన్నప్పుడు మా ఊరి దగ్గరి దరోజి గుట్టలకు గేటూ లేదు, టికెట్టూ లేదు. ఎండిన నేల, ముళ్లపొదలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. పండ్ల కాలంలో మా తాత నన్నూ, పక్కింట్లో ఉండే నా స్నేహితుణ్నీ అక్కడికి పిలుచుకొని పోయేవాడు.

ఒక రోజు రెండు పెద్ద బండల మధ్య సన్నని దారి దగ్గర తాత ఆగాడు. అడవిలో చప్పుడు చేయకూడదనుకొని మేం ఊపిరి బిగబట్టి నడుస్తున్నాం. ఆయన మాత్రం గట్టిగా దగ్గి, ఎవరింటి వాకిట్లోనో నిలబడినట్టు పలకరించాడు.

"ఉండావా తల్లీ? పిల్లోల్లను పిల్చుకొని వచ్చినా. నాలుగు పండ్లు కోసుకొని పోతాం."

నా స్నేహితుడికి నవ్వు ఆగలేదు. "ఎండకు తల తిరుగుతాండాదా తాతా? బండతో మాట్లాడ్తాండావే."

"గమ్మునుండప్పా," అన్నాడు తాత.

కాసేపటికి బండ కింది చీకటి కదిలింది. నల్లని జూలు, పొడవాటి గోళ్లు. ఎలుగుబంటి బయటికి వచ్చి, మూతి ఎత్తి మా వాసన చూసింది. దాని వీపు మీద రెండు పిల్లలు జూలు పట్టుకొని అతుక్కొని ఉన్నాయి. అది తొందరపడలేదు. పిల్లలు జారిపోకుండా ఒక్కో బండా ఎక్కి, గుట్ట అవతలికి దిగిపోయింది. అది కనుమరుగయ్యాకే తాత నా భుజం మీది నుంచి చెయ్యి తీశాడు.

"అది ఈడ ఉండాదని నీకు ముందే తెల్సా?" అని అడిగాడు నా స్నేహితుడు, నవ్వంతా పోయిన గొంతుతో.

"తెల్దు. తెల్దు కాబట్టే సెప్పేది. సెప్పకుండా మీద పడితే దానికీ బయమే కదా. బయపడిన తల్లి మన ముకాలు మిగల్నీదు."

మొన్న చలికాలంలో మేమిద్దరం మళ్లీ వెళ్లాం. ఇప్పుడది ఎలుగుబంట్ల అభయారణ్యం. తోరణగల్లులో ఉద్యోగం చేసి రిటైరైన నా స్నేహితుడు, మోకాళ్ల నొప్పితో నన్ను పట్టుకొని వాచ్ టవర్ మెట్లెక్కాడు. "ఇన్నేండ్లకు యాడ మిగిలుంటాయప్పా అవి," అని దారంతా సణిగాడు. పొద్దు వాలుతుండగా, ఎదుటి గుట్ట మీద మేం బండలనుకున్నవి ఒక్కొక్కటే లేచి నడిచాయి. అతను కమ్మీ మీదికి వంగి చూశాడు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. రోజూ డైరీ పేజీ నింపే నేను ఆ పూట ఒక్క వాక్యం కూడా రాయలేకపోయాను.

ఉద్యోగరీత్యా ఎన్నో ఊళ్లు తిరిగాను. కొత్త చోట కాలు పెట్టే ముందు ఈ రోజుకీ ఒక్క క్షణం ఆగుతాను. అక్కడ నాకు కనపడకుండా ఎవరో తమ పిల్లలతో ఉన్నారని, నన్ను చూసి వాళ్లే భయపడవచ్చని అనుకుంటాను.