రెండు జన్యువులు, ఒకటే ప్రోటీన్

ఎమ్మెస్సీ ఆఖరి సెమిస్టర్లో మా గైడుగారు నాకిచ్చిన ప్రాజెక్టు వినడానికి ఘనంగానే ఉంది. రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో ఆల్ఫా గొలుసు ఒక భాగం. దాన్ని తయారుచేసే జన్యువు కోట్ల ఏళ్ల కిందట ఎప్పుడో రెండయింది. "ఆ రెండిటి ప్రోటీన్లకీ తేడాలు పట్టుకురామ్మా," అన్నారు.

హనుమాన్ జంక్షన్ నుంచి రోజూ బస్సులో నిలబడి విజయవాడ వచ్చి, కాలేజీ కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. రెండు ప్రోటీన్ల అమైనో ఆమ్లాల వరుసల్నీ, ఒక్కో ఆమ్లానికి ఒక్కో అక్షరం చొప్పున, పక్కపక్కన పెట్టి చూశాను. నూట నలభై ఒక్క అక్షరాలూ ఒకటే. నేనే ఏదో తప్పు చేశాననుకుని మళ్లీ మొదటినుంచి చేశాను. అలా వారం పోయింది.

చివరికి భయపడుతూనే గైడుగారికి చెప్పాను.

"తేడా లేకపోతే అది ప్రాజెక్టు ఎట్లా అవుద్ది?" అని కసిరారు.

"జన్యువుల్లో కాస్త తేడా ఉందండీ. ప్రోటీన్లో మాత్రం లేదు."

ఆయన కాసేపు సీరియస్‌గా ఆలోచించారు. "అయితే ఒకటి ఎరుపులో పెట్టు, ఒకటి నీలంలో పెట్టు. చూసేవాళ్లకి తేడా కనపడాలి."

ఆయనది ఇరవై ఏళ్ల సర్వీసు మరి! అలాగే పెట్టాను.

గవర్నర్‌పేటలో బైండింగ్ షాపుకి వెళ్తే కలర్ ప్రింటర్ పాడైందన్నారు. మర్నాడే వైవా. నలుపులోనే తీయించాను. సాయంత్రం పుస్తకం చేతికిస్తూ షాపాయన, "ఒకే పేజీ రెండుసార్లు పడిందమ్మా, ఒకటి తీసేశాను," అన్నాడు. మా డిపార్ట్‌మెంట్ ఒప్పుకోని ఫలితాన్ని ఆయన ఒక్క చూపులో తేల్చేశాడు.

వైవాలో బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ గారు పేజీలు తిప్పి, "రెండో ప్రోటీన్ ఏదమ్మా?" అని అడిగారు.

"మొదటిదే అండీ. రెండూ అచ్చంగా ఒకటే. షాపాయన రెండోసారి పడిందనుకుని తీసేశాడు."

ఆయన పగలబడి నవ్వారు. "మరి టైటిల్లో తేడాలని రాశారే?"

నేను నోరు తెరిచేలోపే మా గైడుగారు అందుకున్నారు. "అదేనండీ మా ఫైండింగు! తేడా లేదని మొదట్నుంచీ నేను చెప్తూనే ఉన్నా. ఏమ్మా?"

"అవునండీ," అన్నాను.

"ఒకే ప్రోటీన్‌కి రెండు జన్యువులెందుకు?" అని ఎగ్జామినర్ గారు ఈసారి ఆయన్నే అడిగారు. మా గైడుగారు టీ వచ్చిందో లేదో చూసొస్తానని లేచి వెళ్లారు. ఒకటి దెబ్బతిన్నా రెండోది పని నడిపిస్తుందని నేనే చెప్పాను.

మార్కులు బాగానే వేశారు. కానీ ఆ "అవునండీ" గుర్తొచ్చినప్పుడల్లా గైడుగారి మీద కన్నా నా మీదే నాకు ఒళ్లు మండుతుంది.