నేను ఒక్క రోజు ఆపిన యుద్ధం

ఆ రోజుల్లో నాకు నోరుందన్న సంగతి మా ఇంట్లోవాళ్ళకు తప్ప మరెవరికీ తెలియదు. ఇంట్లో ఎంత వాగినా, బడి గుమ్మం తొక్కగానే నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. నాన్న హెచ్-వన్ వీసా మీద ముందుగా అమెరికాలోని ఎడిసన్ వచ్చి, ఏడాదికి అమ్మనూ నన్నూ తెచ్చుకున్నారు. అప్పటికి నాకు పదిహేనేళ్ళు. గుంటూరులో చదివింది ఇంగ్లీషు మీడియమే. వక్తృత్వపు పోటీల్లో బహుమతులు కూడా కొట్టాను (ఈ సంగతి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేదాన్ని, తెలుగులో). కాని ఇక్కడి పిల్లల మాట నాకు అర్థమయ్యేలోపే అయిపోయేది, నేను జవాబు కూర్చుకునేలోపు బెల్లు కొట్టేవారు. అందుకని నవ్వుతూ తలూపడమనే ఒకే ఒక్క విద్యతో నాలుగు నెలలు నెట్టుకొచ్చాను.

నా గుట్టు మొదట పసిగట్టింది మా హిస్టరీ టీచరు. ఆయన మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. యుద్ధాల పాఠం వచ్చిందంటే బల్లలన్నీ జరిపించి అవే ఓడలనుకోమనేవారు. మా ఇంట్లో ఆయనకు ‘జనరల్ గారు’ అని పేరు పెట్టుకున్నాం. ఒకరోజు జనరల్ గారు నాన్నను పిలిపించి, "మీ అమ్మాయి పరీక్షలు బాగా రాస్తుంది. కాని ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్ళ క్లాసుకు మార్చాలేమో" అన్నారు. వచ్చే వారం క్లాసులో డిబేట్ ఉందనీ, అందులో కూడా మాట్లాడకపోతే మార్చక తప్పదనీ గడువు పెట్టారు. తిరుగు దారిలో నాన్న ఓక్ ట్రీ రోడ్డు సిగ్నల్ దగ్గర కారాపి, "ఇంట్లో నీ నోరు మూయించలేక ఛస్తున్నాం కదమ్మా. అందులో సగం అక్కడ వాడరాదూ?" అన్నారు. నాన్న నవ్వుతూనే అన్నారు గాని, ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

డిబేట్ ఇదీ. రెండో ప్రపంచ యుద్ధంలో ఐరోపా తగలబడిపోతోంది. అమెరికా అందులో దిగాలా, వద్దా? క్లాసంతా సెనేట్ సభ, మేమంతా సెనేటర్లం. హవాయిలోని అమెరికా ఓడల స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ బాంబులు ఇంకా పడలేదు, పడతాయని ఎవరూ అనకూడదు. దిగాలనే పక్షానికి నాయకురాలు మా క్లాసులో అందరికన్నా పొడుగమ్మాయి. నోరు విప్పితే ప్లీడరే. వద్దనే పక్షానికి నన్ను పెట్టారు. (ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. చరిత్ర ఎలాగూ వాళ్ళ వైపే ఉంది, నేను నోరు తెరవకపోయినా దేశానికి నష్టం లేదు.)

అమ్మ నన్ను వెంటబెట్టుకుని డాక్టర్ అంకుల్ ఇంటికి తీసుకెళ్ళింది. ఆయన తెనాలి వైపు మనిషి, ఎప్పుడో అరవైల చివర్లో వచ్చి స్థిరపడి, రిటైరయ్యాక ఇల్లంతా చరిత్ర పుస్తకాలతో నింపేశారు. నా గోడంతా విని, "చూడమ్మడూ, నేను వచ్చేసరికే వీళ్ళు ప్రపంచానికి పెద్దన్నలు. కాని అంతకు ముప్పై ఏళ్ళ కిందట వీళ్ళకు చెప్పుకోదగ్గ సైన్యమే లేదు తెలుసా? మొదటి యుద్ధానికి వెళ్ళారు, పిల్లల్ని పోగొట్టుకున్నారు, తిరిగొచ్చి తలుపేసుకున్నారు. అటో సముద్రం, ఇటో సముద్రం, మన జోలికెవడొస్తాడని ధీమా" అన్నారు.

"అంటే పిరికివాళ్ళా అంకుల్?"

"కాదే! కొడుకుల్ని మట్టిలో పెట్టినవాళ్ళు. వాళ్ళ తరఫున మాట్లాడుతున్నాననుకో, ఇంగ్లీషు అదే వస్తుంది."

డిబేట్ రోజు పొద్దున అమ్మకు పెద్ద సందేహం వచ్చింది. "సెనేటరంటే ఎమ్మెల్యేనా?" అంది. "రాజ్యసభ మెంబరనుకో" అన్నారు నాన్న. "అయితే కోటుండాలి" అని, నాన్న పెళ్ళినాటి కోటు తీసి, చేతులు లోపలికి మడిచి, పిన్నీసులు గుచ్చి నాకు తొడిగింది. కలరా ఉండల వాసనతో నేను సెనేట్‌లో అడుగుపెట్టాను.

పొడుగమ్మాయి దంచేసింది. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను గాని మాట రాదు. జనరల్ గారు గడియారం చూడలేదు, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. ఆ దయ నేను ఇప్పటికీ మరిచిపోలేదు. కోటు లోపల పిన్నీసు ఒకటి ఊడి భుజంలో గుచ్చుకుంది. "అమ్మా!" అన్నాను గట్టిగా. ఆ కేకతోనే గొంతు తెరుచుకుంది. "అవును, అమ్మలు! ముందు వాళ్ళనడగండి" అని అందుకున్నాను. ఓడలెక్కి వెళ్ళిన కొడుకుల గురించి, ఖాళీ మంచాల గురించి చెప్పుకుపోయాను. ఊపులో ఉన్నప్పుడు సామెత పడకపోతే నా నోరు ఊరుకోదు. ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడి అని నోటిదాకా వచ్చిన దాన్ని, "డాగ్స్ ఆర్ వెరీ బిజీ ఫర్ ది వెడ్డింగ్ ఇన్ ది విలేజ్!" అని బల్ల గుద్ది మరీ అనేశాను.

"ఏ కుక్కలు?" అన్నారు జనరల్ గారు. "పెళ్ళి వాళ్ళది సార్, విందు వాళ్ళది. పరుగులు మాత్రం కుక్కలవి. చివరికి వాటికి దక్కేది ఎంగిలాకులు. ఐరోపా పెళ్ళికి మనం కుక్కలమా?" అన్నాను. వెనక వరుస నుంచి ఒకడు భౌమన్నాడు. ఇక చూడండి, సభంతా భౌభౌమంటూ నా వెనక నిలబడింది. ఓటింగు పెట్టారు. నాలుగు ఓట్ల తేడాతో నెగ్గాను. అమెరికా యుద్ధానికి వెళ్ళలేదు!

జనరల్ గారు తల పట్టుకుని, "జూన్ దాకా పాఠాలు తయారు చేసుకున్నాను, ఇప్పుడవన్నీ ఏం చేసుకోను?" అన్నారు.

మర్నాడు ఆయన ధడాలున తలుపు తోసుకొచ్చి, "పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి. నిన్న గెలిచిన సెనేటరే ఇప్పుడు లేచి మాట్లాడాలి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "నిన్నటి మాట ఇవాళ ఎలా మారుస్తాను సార్? నాకు టైమ్ కావాలి" అన్నాను. "ఆ రోజు నిజంగా ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళకు కూడా ఎవరూ టైమ్ ఇవ్వలేదు" అన్నారాయన.

లేచాను. ఈసారి కోటు లేదు, కాగితం లేదు. "నిన్న నేనన్నది అబద్ధం కాదు. ఆ అమ్మల ఏడుపు ఇవాళ కూడా నిజమే. కాని సముద్రం గోడ కాదని తెలిసిపోయింది. ఇక ఇంట్లో కూర్చుంటే మనం దాక్కున్నట్టే" అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. పొడుగమ్మాయి చెయ్యెత్తింది. "సరే సెనేటర్, యుద్ధం గెలిచాక మళ్ళీ ఇంటికొచ్చి తలుపేసుకుంటామా?"

దీనికి జవాబు డాక్టర్ అంకుల్ చెప్పలేదు, పుస్తకంలోనూ చూడలేదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో గాని వచ్చింది. "వెళ్ళడం మన చేతిలో ఉంది. వెళ్ళి గెలిచాక అందరూ మన ముఖమే చూస్తారు. అప్పుడు తిరిగి రావడం మన చేతిలో ఉండదు" అన్నాను.

జనరల్ గారు ఆ చివరి వాక్యాన్ని బోర్డు మీద రాశారు. "మిగిలిన పాఠాలన్నీ దీని గురించే" అన్నారు. నా ఇంగ్లీషులో వ్యాకరణం తప్పొకటి ఉంది. దాన్ని కూడా దిద్దకుండా అలాగే రాశారు.

సాయంత్రం ఇంటికి ఫోన్ వచ్చింది. బడి పేరు వినగానే నాన్న "సారీ సార్, సారీ సార్" అని మొదలుపెట్టారు. అవతల నుంచి జనరల్ గారి గొంతు వంటింటి దాకా వినబడింది. "ఎందుకు సారీ? మీ అమ్మాయి నా క్లాసులోనే ఉంటుంది. ఎక్కడికీ పంపను." నాన్న ఫోన్ పెట్టేసి, ఆ మాటనే అమ్మకు మూడుసార్లు చెప్పారు. డాక్టర్ అంకుల్ మిఠాయి పొట్లంతో వచ్చి, "మన గుంటూరు పిల్ల అమెరికాను ఆపిందిరా, మళ్ళీ నడిపించింది కూడానూ!" అని కనబడినవాళ్ళందరికీ పంచిపెట్టారు.

ఏళ్ళ తరబడి లైన్లో నిలబడ్డాక, పోయిన వసంతంలో నాకు పౌరసత్వం ఇంటర్వ్యూ వచ్చింది. ఎదుట కూర్చున్న ఆఫీసరమ్మ మెత్తగా, "ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా చేసిన యుద్ధం ఒకటి చెప్పండి" అంది. నేను ముందుకు వంగి, మొదటి యుద్ధం తరువాత ఈ దేశం ఎందుకు తలుపేసుకుందో మొదలుపెట్టి, దాన్ని ఐరోపా మీదుగా పసిఫిక్ దాకా లాక్కొచ్చాను. ఆవిడ పాపం చాలా ఓపికగా విని, కలం పట్టుకున్న చెయ్యి పైకెత్తి, "మేడమ్, ఒక్క పేరు చాలు" అంది.