పుస్తెల తాడుకు పసుపు కొమ్ము

మా ఇంట్లో అప్పు, దాచుకున్నది రెండూ ఒకే కప్పు కింద ఉండేవి. దాచుకున్నది పసుపు. ధర వచ్చినప్పుడు చూద్దామని ఎనిమిది బస్తాలు అమ్మకుండా వెనక గదిలో పెట్టాం. అప్పేమో నా మెడ మీద. వానాకాలం విత్తనానికి, ఎరువులకు చేతిలో పైసలు లేక నా పుస్తెలు బ్యాంకులో కుదువబెట్టాం. మెడలో వట్టి దారం ఉండకూడదని మా అత్త ఒక బస్తా మూతి విప్పి, మంచి కొమ్ము ఏరి దానికి కట్టింది.

"నెల రోజులే బిడ్డా" అన్నది.

ఆ నెల ఏడాది దాటింది. మరుసటి పంట డబ్బు బోరు బాకీకి పోయింది. కొమ్ము చెమటకు నాని నా రవికెలన్నీ ఎదమీద పచ్చబడ్డాయి. ఒకటి విరిగితే ఇంకొకటి కట్టుకున్నాను. మూడోది కట్టుకున్న వారానికే బ్యాంకు కాగితం వచ్చింది. నా బిడ్డ చదివి చెప్పింది, నెలాఖరులోపు కట్టకపోతే పుస్తెలు వేలం వేస్తారట.

"పసుపు అమ్ముదాం" అన్నాను మా ఆయనతో.

"జర ఆగరాదే. ధర లేస్తది."

"పోయినేడు గూడ గిదే అన్నవ్."

"గిప్పుడమ్మితే నష్టం గదా!"

నేను చదివింది రెండో తరగతి. కాగితం మీద లెక్క రాదు కానీ ఏ నెలలో ఏమైందో మరిచిపోను. కొమ్ములు తెచ్చి అరుగు మీద పరిచాను. బ్యాంకు అప్పుకు మిత్తి పెరిగిన నెలకు ఒకటి చొప్పున ఒకవైపు పద్నాలుగు. ధర లేచిన నెలలకు ఇంకోవైపు రెండు. ఆ రెండింట్లో ఒకటి పుచ్చుది. వేలితో నొక్కితే పొడి రాలింది.

మా అత్త ఆ పొడి వైపు చూసి కొడుకుతో అన్నది: "పురుగు తినబట్టె, బ్యాంకోళ్ళు తినబట్టె. మనమెప్పుడు తినాలెరా?"

ఆయన తల గోక్కున్నాడు. "పొద్దుగాల ఆటో పిలుస్త తియ్" అన్నాడు.

అయిదు బస్తాలు అమ్మితే పుస్తెలు ఇంటికి వచ్చాయి. బ్యాంకులో తూచి ఇస్తుంటే, ఇన్నాళ్ళూ అంత చిన్నవాటి కోసమా నేను ఏడ్చింది అనిపించింది. మా అత్త కొత్త దారానికి వాటిని గుచ్చి, కొమ్ము విప్పి నా చేతిలో పెట్టింది.

"పారెయ్యకు. దాచిపెట్టు. మళ్ళ అక్కరకొస్తది."

నేను దాన్ని సాన మీద అరగదీశాను. తాడుకు పట్టించాను. ఇంకా మిగిలింది. గడపకు రాశాను. వేళ్ళకు ఏమీ దొరకనంత దాకా అరగదీస్తూనే ఉన్నాను.

"అంత అరగదీసినవా? జరంత ఉంచకపోతివి" అన్నది మా అత్త.

"ఇంక ఎందుకత్తా?"

ఆమె లేచి వెనక గదిలోకి పోయి, మిగిలిన మూడు బస్తాల మూతులు విప్పి, పురుగు పట్టిందేమోనని ఒక్కొక్క కొమ్మే చూడసాగింది.