లారీ అడ్డమొచ్చినప్పుడల్లా

మదనపల్లె టమాటా మార్కెట్‌లో శంకరప్ప మండీకి కంప్యూటర్ పెట్టింది పుంగనూరు మురళీధర్. కాలేజీ మెట్లెక్కనివాడు. పాత పుస్తకాలు కొనుక్కుని, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ తనంతట తానే నేర్చుకున్నాడు. ఎవరైనా చదువు ఊసెత్తితే ఒళ్లు మండేది. తూకం షెడ్డు నుంచి ఆఫీసుకు లాగిన వైరును లారీలు తెంపేస్తున్నాయని, 2007లో వైర్‌లెస్ కార్డు బిగించాడు.

అప్పటినుంచి పొద్దున బాగా నడిచే కంప్యూటర్ మధ్యాహ్నానికి మెమరీ నిండిపోయి బిగుసుకుపోయేది. తూకం చీటీలు రాక రైతులు అరిచేవాళ్లు. మురళీధర్ మార్కెట్ సెలవు రోజున వచ్చి పొద్దంతా కూర్చుని చూశాడు. ఒక్కసారీ ఆగలేదు.

మరునాడు షెడ్డులో అందరి ముందరా, కంప్యూటర్ దగ్గర పనిచేసే మునీశ్వరిని నిలదీశాడు.

"నిన్నంతా బాగుండాది. నువ్వు కూసుంటేనే యాల నిలబడిపోతాది? సినిమా పాటలు పెట్టుకుంటాండావా?"

"తూకాలు కొట్టేది తప్ప నాకేం తెలుసన్నా?"

"సదువు లేనోళ్లకు కంప్యూటర్ యాల? పొయ్యి కాయలేరుకో!"

షెడ్డంతా నవ్వింది. శంకరప్ప ఆ సాయంత్రమే ఆమెను మాన్పించాడు. ఆమె సొంతూరు కుప్పం వెళ్లిపోయింది.

ఇంకో మనిషి దొరికేదాకా ఆ కుర్చీలో మురళీధరే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి మళ్లీ అదే తంతు. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ కలిపినా నిండిన మెమరీలో సగం లేదు. మిగతాది లినక్స్ గుండెకాయ కెర్నల్ లోపలే ఏదో మింగుతోంది. ఆ అంకె తెర మీద పెట్టుకుని చూస్తుండగా, షెడ్డుకూ ఆఫీసుకూ మధ్య లారీ వచ్చి ఆగింది. సిగ్నల్ తెగింది. లారీ కదిలాక కలిసింది, అంకె పెరిగింది. ఇంకో లారీకి ఇంకాస్త పెరిగింది. సిగ్నల్ కలిసిన ప్రతిసారీ, కార్డును నడిపే డ్రైవర్ ప్రోగ్రాం కొత్తగా మెమరీ తీసుకుంటోంది, పాతది వదలడం లేదు. ఆ డ్రైవర్ తీసేశాక ఎన్ని లారీలు పోయినా అంకె కదల్లేదు.

సెలవు రోజున లారీలే రావు. ఆ సంగతి కూడా తట్టలేదు తనకు. చదువు లేదని తనను పొడిచిన మాటతోనే ఆమెను పొడిచాడు.

వేరే డ్రైవర్ ఎక్కించి, శంకరప్పకు నిజం చెప్పి, కుప్పం బస్సెక్కాడు. మునీశ్వరి పట్టుపురుగులకు మల్బరీ ఆకు తరుగుతోంది. అతను తల వంచుకుని అంతా చెప్పాడు.

"తప్పు నాదే. శంకరప్ప నిన్ను మళ్లీ రమ్మన్నాడు."

"ఆయనకు సెప్పినావు. నవ్వినోళ్లకు?"

మునీశ్వరి కత్తి పక్కన పెట్టింది.

"ఈడ పురుగులు తప్ప ఎవురుండారన్నా ఇనేదానికి? యాడ తిట్టినావో ఆడ సెప్పు. అప్పుడొస్తా పనికి."

సోమవారం షెడ్డు కిటకిటలాడుతోంది. మునీశ్వరి గేటు దగ్గరే నిలబడింది. మురళీధర్ ఖాళీ క్రేటు ఎక్కి, నేలచూపులు చూస్తూ అన్నాడు. "మిషన్ ఆగింది ఆ పాప వల్ల కాదు. నేను పెట్టిందాంట్లోనే తప్పుండాది. తెలీక నోరు పారేసుకున్నాను."

"గట్టిగా సెప్పప్పా, తిట్టేటప్పుడు బాగా ఇనిపించిందే!" వెనక నుంచి ఎవరో కేకేశారు. షెడ్డంతా మళ్లీ నవ్వింది.

మురళీధర్ తలెత్తి, మొదటినుంచి మళ్లీ చెప్పాడు.