నర్సమ్మ గారి కరివేపాకు

ఇందుమూలముగా ఆష్‌బర్న్ మొక్కల గ్రూపు సభ్యులందరికీ తెలియజేయునది ఏమనగా, మా వీధిలో ఈ ఏడు మొట్టమొదటి తులిప్ ఎవరి పెరట్లో పూసిందన్న ఘనమైన వివాదం నేటితో సమాప్తం. గెలిచింది నర్సమ్మ గారు. అభినందించడానికి ఆవిడ లేరు. మొన్న మంగళవారం గుండె ఆగి చనిపోయారు.

కబురు తెలియగానే గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. వాటి కిందనే ఒకాయన "ఫ్రెండ్స్, నా హయసింత్ పువ్వు చూడండి" అని ఫొటో పెట్టాడు. స్పందన దానికే ఎక్కువొచ్చింది.

ఆవిడ గుంటూరులో నర్సు, ఇక్కడికి, అమెరికాకొచ్చాకా నర్సే. రిటైరయ్యాక మొక్కలకి నర్సు. అక్టోబరులో చలి మొదలవగానే వీధిలోని కరివేపాకు కుండీలన్నీ ఆవిడ అద్దాల గదికి చేరేవి. ఆ గదికి ఐసీయూ అని పేరు పెట్టింది నేనే. ఆదివారం చర్చికి బయల్దేరే ముందు కూడా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఒక రౌండు వేసేవారు. ఆకు రాలిన కొమ్మని గోరుతో గీకి చూసేవారు. "లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. కంగారుపడి కొయ్యొద్దు" అనేవారు.

నేను ఇంటర్ తప్పినవాణ్ణి. ఇండియన్ స్టోర్లో కూరగాయలు సర్దుతాను. గ్రూపులో నేను ప్రశ్న అడిగితే డేటా సెంటర్లలో ఉద్యోగాలు చేసే బాబులు పలకరు. అందుకే తుంటరి పనులు చేసి పలికించుకుంటాను. ఒక జనవరిలో ఆవిడ గులాబీ మోడుకి ప్లాస్టిక్ పువ్వు కట్టాను. ఆవిడ మంచులో కర్ర పోటేసుకుంటూ మా గుమ్మానికొచ్చి, "ఒరేయ్ కోతీ, దీనికి నీళ్ళెన్ని పొయ్యాలో కూడా చెప్పు" అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. "కోతివే గాని, మొక్క బాగోగుల దగ్గర మాత్రం అబద్ధమాడవురా" అని నలుగురిలో అనేవారు.

ఈ మార్చిలో నాలుగు రోజులు ఎండ కాసింది. పంతానికి నా కుండీ ఒక్కటీ మా వంటింటి కిటికీ దగ్గరే ఉంచుకుంటాను. కిందటేడు మే నెలలో అది ఇంటి వెనక చెక్క డెక్ మీద చిగురేసినప్పటి ఫొటో వెతికి గ్రూపులో పెట్టాను. "చలి పోయింది, మాది బయటికొచ్చేసింది" అని రాశాను. బాబులెవరూ నమ్మలేదు. ఆవిడ నమ్మారు. అయినా వీధివాళ్ళ కుండీలు కదపలేదు. అవి పరాయి బిడ్డలు. ముందు తనదాన్ని బయట పెట్టి చూద్దామనుకున్నారు. భర్త ఉన్న రోజుల్లో గింజ నాటి పెంచిన చెట్టది, ఆవిడంత ఎత్తుకొచ్చింది. తెల్లారేసరికి మంచు పట్టి ఆకులన్నీ నల్లబడి వేలాడాయి.

నేను వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ కాండం గీకి చూసి, "వేరు బతికే ఉంటుందిలే. నిలబడ్డావేం, టీ తాగి పో" అన్నారు.

సమాధి కార్యక్రమం అయ్యాక ఎవరి కుండీ వాళ్ళు పచ్చగా పట్టుకెళ్ళారు. ఒక్కటే మిగిలింది. గది ఊడుస్తున్న ఆవిడ మనవరాలు అడిగింది.

"అంకుల్, ఇది డెడ్ కదా? ట్రాష్‌లో వేసేయనా?"

"ఉండమ్మా, నేను తీసుకెళ్తా."

"అమ్మమ్మ దీన్ని కట్ చేయనివ్వలేదు. వెయిట్ చెయ్యి, వెయిట్ చెయ్యి అనేది."

ఇప్పుడది మా వంటింటి కిటికీ దగ్గర, నా కరివేపాకు పక్కన ఉంది. రోజూ పొద్దున్నే గోరుతో గీకుతున్నాను. పచ్చ కనపడలేదు. మొదలు నుంచి కొసదాకా గీతలే. ఇంక గోరు పెట్టడానికి చోటు లేదు.

మీ అందరికీ ఎన్నో అబద్ధాలు చెప్పాను, ఈ ఒక్కదాన్నైనా దిద్దుకోనివ్వండి. నేను వెళ్ళి తప్పు ఒప్పుకోలేదు. ఆ టీ, ఆ మాట నేను కల్పించినవి. ఆ పొద్దున ఆవిడ నైటీ మీద స్వెట్టరు వేసుకుని, నల్లబడ్డ చెట్టు పక్కన నిలబడి మా ఇంటి వైపు చూశారు. నేను కిటికీ బ్లైండ్స్ మూసేసి, వాటి సందులోంచి చూస్తున్నాను. ఆవిడ చాలాసేపు అలాగే నిలబడ్డారు.