వదిన చేసిన ఎండ్రకాయ

మా వదిన పోయింది. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున అన్న ఫోన్ చేసి, "మీ వదిన ఇంక లేదురా" అని ఒక్క మాట అన్నాడు. పేగుల్లో మొదలైన కాన్సర్ ఏడాదిగా ఆమెను తింటూ వచ్చింది కాబట్టి ఇది ఎదురుచూడని వార్త కాదు. ఎదురుచూసిన వార్త తక్కువ నొప్పి పెడుతుందని ఎవరన్నారో గానీ, వాళ్లింట్లో ఎవరూ పోయి ఉండరు.

ఆ రోజు పేపర్లోనే, లోపలి పేజీలో, భారీ యంత్రాల తయారీలో మనవాళ్లు సాధించిన కొత్త పేటెంట్ల గురించి సగం పేజీ వేశారు. క్రేన్లు, రోబో చేతులు, తనంతట తాను వెల్డింగ్ చేసే యంత్రాలు, పక్కన నవ్వుతున్న అధికారులు. దేశం కనిపెడుతోందట. మంచిదే. కనిపెట్టినవన్నీ ఎక్కడున్నాయి అని మాత్రం ఆ వార్త రాసినవాడు అడగలేదు. నేను అడుగుతాను. మా వదిన కనిపెట్టింది ఎక్కడుంది?

తను ఉన్నన్నాళ్లు ఈ ప్రశ్న బయట అడగొద్దని ఆమే నా నోరు కట్టేసింది. ఇప్పుడు ఆ కట్టు లేదు.

ఆమె ఎవరో ముందు చెప్పాలి. జువ్వలదిన్నె దగ్గరి పల్లెలో, చేపల వేట మీద బతికే ఇంట్లో పుట్టింది. ఇంజనీరింగ్ చదివింది. వెంకటాచలం దాటాక హైవే పక్కనున్న ఒక కంపెనీలో డిజైన్ విభాగంలో చేరింది. బొగ్గు మోసే బెల్టు యంత్రాలు తయారుచేసే కంపెనీ అది. బెల్టు అంటే, ఆగకుండా పరిగెత్తే రబ్బరు రోడ్డు అనుకోండి. ఓడలో దిగిన బొగ్గు దాని మీద పడుకుని యార్డుకు పోతుంది.

తిరునాళ్లకు తీసుకుపోతే వదిన రంగులరాట్నం ఎక్కేది కాదు. కింద నిలబడి, తల ఒక పక్కకు వంచి బోల్టులు చూసేది. "ఏందమ్మా, ఎక్కుతావా లేదా?" అని ఒకసారి టికెట్లవాడు విసుక్కుంటే, "ఆ పచ్చ డబ్బాకి పిన్ను ఊడిపోయుండాది నాయనా. ముందు నువ్వెక్కు, నేను చూస్తా" అంది. వాడు ఎక్కలేదు. ఆ డబ్బాలో జనాన్ని ఎక్కించడమూ మానేశాడు.

నేను పత్రికలకు రాసే వ్యాసాల్ని కూడా ఆమె అలాగే చూసేది. పెన్సిల్ పట్టుకుని చదివేది, కొన్ని వాక్యాల కింద గీత కొట్టేది.

"ఏం మరిదీ, ఈ వాక్యం ఎంత బరువు మోస్తాది?"

"వాక్యాలు బరువులు మొయ్యవు వదినా, నిప్పు పెడతాయి."

"పెట్టినాయా యాడన్నా? నెల్లూర్లో ఒక పొయ్యన్నా అంటుకున్నిందా?"

అన్న పగలబడి నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. కానీ గీత కొట్టిన వాక్యాన్ని మర్నాడు తీసేసేవాణ్ని.

అసలు సంగతికి వస్తాను. బెల్టు మీంచి బొగ్గు రాలుతూనే ఉంటుంది. బెల్టు మలుపు తిరిగే చోట ఒక పెద్ద ఇనుప డ్రమ్ము ఉంటుంది, దాని కింద కుప్ప పడుతుంది. తియ్యకపోతే బెల్టు పక్కకు జారుతుంది. ఆపి తియ్యాలని రూలు. ఆపితే ఓడ ఆగుతుంది, ఓడ ఆగితే పెద్దలకు కోపం వస్తుంది. అందుకని పరిగెత్తే బెల్టు కిందే కాంట్రాక్టు ఆడవాళ్లు వంగి పారలతో లాగుతారు. చీర మీద మగవాళ్ల చొక్కా, ముఖానికి తువ్వాలు. మన తీరంలోని ఒక యార్డులో ఆ ఆడవాళ్లు తమకు తామే ఒక పద్ధతి పెట్టుకున్నారు. లోపలికి వంగేదాని నడుముకు తాడు కట్టి, ఇంకొకామె వెనక నిలబడి ఆ తాడు పట్టుకుంటుంది. ఏదన్నా అయితే వెనక్కి లాగడానికి. ఇంత పెద్ద యంత్రానికి, ఇంత పెద్ద పరిశ్రమకు, రక్షణ ఏర్పాటు అదీ.

ఒక మధ్యాహ్నం వంగినామె కొంగు చొక్కాలోంచి జారి డ్రమ్ములోకి పోయింది. వెనకామె లాగలేకపోయింది. తాడు వదల్లేకపోయింది కూడా. తాడును మణికట్టుకు చుట్టుకుని ఉంది. ఒడ్డున నిలబడి అలివి వల లాగే పల్లెల్లో పుట్టినవాళ్లు తాడును ఉత్త అరచేత్తో పట్టుకోరు. చుట్టుకుంటారు, ఒళ్లంతా బరువేసి వెనక్కి వాలతారు. సముద్రం లాగుతుంది, మళ్లీ కాస్త వదులుతుంది. బెల్టు వదలదు. వంగినామె చచ్చిపోయింది. వెనకామెకు చెయ్యి మోచేతి దాకా పోయింది.

బెల్టు తమ కంపెనీది కావడంతో చూసి రమ్మని వదినను పంపారు. కార్మికుల నిర్లక్ష్యం అని అప్పటికే తేల్చేసి ఉన్నారు. కాంట్రాక్టరు ఆమెతో, "తాడు చుట్టుకోమని ఎవురు చెప్పినారు మేడమ్ వాళ్లకి?" అన్నాడట.

"మా నాయిన చెప్పినాడు" అందట వదిన.

ఆస్పత్రిలో ఉన్న ఆ రెండో ఆమె వదిన వాళ్ల పల్లె మనిషే. చూడ్డానికి పోతే, "వదిలేసుంటే నా చెయ్యన్నా దక్కేదని అందురూ అంటుండారక్కా. ఎట్ట వదిలేది? నన్ను నమ్మి గదా అది వంగింది" అందట. ఈ మాట నాకు చెబుతూ వదిన ఏడవలేదు. అన్నం కంచం పక్కకు జరిపి, టేబుల్ మీద వేలితో ఏదో గీసుకుంటూ కూర్చుంది.

ఆ గీత తర్వాత ఎండ్రకాయ అయింది. పేటెంటు కాగితంలో దాని పేరు నాలుగు పంక్తులు. మా ఇంట్లో మాత్రం ఎండ్రకాయే, అంటే పీత. ఒడ్డున ఎండ్రకాయ తన బొరియలోంచి ఇసుకను కాళ్లతో దోకి బయటికి నెట్టడం చూశారు కదా, అదే పని. డ్రమ్ము కింద రాలిన బొగ్గును ఉక్కు కాళ్లతో దోకి, ఎత్తి, మళ్లీ బెల్టు మీద పోస్తుంది. అక్కడ మనిషి వంగక్కర్లేదు. పొరపాటున గుడ్డో చెయ్యో దగ్గరికొస్తే డ్రమ్మును కూడా ఆపేస్తుంది. "ఆగడం రాని మిషను సగం మిషనే మరిదీ" అనేది. పరీక్షలో అది బాగా పనిచేసింది. పేటెంటు వచ్చింది. కంపెనీ శాలువా కప్పింది, ఫొటోలు తీసింది. కనిపెట్టిన మనిషిగా పేరు ఆమెది, హక్కు కంపెనీది.

అంతే. ఒక్క బెల్టుకు కూడా పెట్టలేదు.

ఎందుకని అడిగితే, "ప్లాన్‌లో ఉంది మేడమ్" అన్నారు. కొనేవాళ్లు అడగలేదన్నారు. ఎందుకు అడుగుతారు? బెల్టు కింద వంగే మనిషి ఎండ్రకాయకన్నా చవక కదా! చిన్న యార్డున్న ఒకాయన తన ఖర్చుతో చేయించి పెట్టుకుంటానని వచ్చాడు. కంపెనీ అనుమతి ఇవ్వలేదు. ఒకచోట పెడితే అన్నిచోట్లా అడుగుతారనీ, అమ్మిన పాత బెల్టులన్నీ ప్రమాదకరమైనవని ఒప్పుకున్నట్టవుతుందనీ భయం. పేటెంటు కనిపెట్టినవాడికి గౌరవం అని బళ్లో చెబుతారు. అబద్ధం. ఇంకొకణ్ని చెయ్యనివ్వకుండా ఆపే హక్కు అది. వాడకుండా పెట్టుకున్న పేటెంటును అడిగి తీసుకునే దారి చట్టంలో ఉందని వకీళ్లు అంటారు. ఉంటుంది. ఆ దారి చివరిదాకా నడిచే ఆయుష్షు ఎవరికుంది? తను కనిపెట్టినదాన్ని తనే బయట చేయించుకుంటే వదిన దొంగ. చేయించకుండా పక్కన పడేసినవాళ్లు ఆవిష్కర్తలు. పేపర్లో సగం పేజీ వాళ్లకే.

"రాజీనామా చెయ్యి వదినా. నేను రాస్తా, రచ్చ చేద్దాం" అన్నాను.

"నువ్వు రాస్తే నన్ను బయటికి పంపిస్తారు. లోపలుంటేనే గదా అడగ్గలిగేది? నేనున్నన్నాళ్లు రాయబాక."

మేమిద్దరం ఎప్పుడూ అంతగా పోట్లాడుకోలేదు. దోపిడీని మంచిమాటలతో కరిగించలేవన్నాను. నీ రచ్చతో ఒక బోల్టన్నా బిగుస్తాదా అంది. ఆమె లోపల ఉండి అడుగుతూనే ఉంది. ప్రతి మీటింగులో చివర లేచి, "ఆ క్లీనింగ్ యూనిట్ సంగతి" అనేదట. ఆ మాటకే తోటివాళ్లు ఫైళ్లు సర్దుకునేవాళ్లట. కీమో గదిలో, చేతికి సూది ఉండగా, రెండో చేత్తో మేనేజరుకు ఫోన్ చెయ్యడం నేను చూశాను. అవతల ఎత్తలేదు.

చివరిసారి ఆస్పత్రిలో ఆమె బాగా చిక్కిపోయి ఉంది. అన్న మందులకని కిందికి దిగాడు.

"మరిదీ, ఒక్క బెల్టుకన్నా పెడతారంటావా?"

"పెట్టరు వదినా."

కాసేపు పైనున్న ఫ్యాను వైపు చూసింది. "తెలుసులే. నువ్వన్నా అబద్ధం చెప్తావేమోనని అడిగినా" అని నవ్వింది. నవ్వుకే దగ్గు వచ్చింది. నీళ్లు తాగించాను.

కర్మకాండలు అయ్యాక, ఆమె డెస్కులో వస్తువులు తెచ్చుకుందామని అన్నా నేనూ కంపెనీకి పోయాం. ముందు హాల్లో కూర్చోబెట్టారు. ఏసీ చల్లగా ఉంది. గోడ పక్కన, మనిషంత ఎత్తు అద్దాల పెట్టెలో, ఒక చిన్న బెల్టు తిరుగుతోంది. బొగ్గుకు బదులు ఆవాలు పోశారు. బెల్టు చివర ఆవాలు రాలుతున్నాయి, వేలి గోరంత ఉక్కు కాళ్లు వాటిని దోకి, ఎత్తి, మళ్లీ బెల్టు మీద పోస్తున్నాయి. పైన లైటు. ఎవరో సూటు వేసుకున్నాయన దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని వెళ్లాడు.

అన్న లేచి వెళ్లి అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. వాచ్‌మన్ గబగబా వచ్చాడు. పాపం, అతనికి మేమెవరో తెలీదు.

"చెయ్యి పెట్టబాకండి సార్. లోపల మిషను తిరగతా ఉండాది, దెబ్బ తగల్తాదని అద్దం పెట్టినారు."

అన్న చెయ్యి తియ్యలేదు. అద్దం అవతల ఒక్క ఆవగింజ కూడా నేల మీద మిగలడం లేదు.